విదేశవిద్యార్థులకు స్వల్పకాల పాఠ్యక్రమములు: అనుబంధచతుష్టయ విచారము

శాస్త్రగ్రంథారంభమున అనుబంధచతుష్టయమును నిరూపించుట మన సంప్రదాయము. దీనిని చదువుటకు అధికారి యెవరు, ఇందలి విషయమేమి, దీనివలన కలుగు ప్రయోజనమేమి, వీనికి పరస్పరము గల సంబంధమేమి అను నాలుగు ప్రశ్నలకు సమాధానము లభించిన పిమ్మటనే బుద్ధిమంతుడు గ్రంథమును చేపట్టును. విశ్వవిద్యాలయములు విదేశములలోని విద్యార్థుల నుద్దేశించి ఆన్‌లైన్ పద్ధతిని నడపుచున్న స్వల్పకాల పాఠ్యక్రమములను గూర్చి ప్రాచ్యకళాశాలల యందు నేడు చర్చ జరుగుచున్నది. కొందరు వానిని విద్యకు పట్టిన చీడ యనుచున్నారు. కొందరు విద్యను రక్షింపగల ఏకైకమార్గ మనుచున్నారు. ఈ రెండు పక్షములను పరీక్షించుటకు పై నాలుగు ప్రశ్నలకంటె తగిన ఒరగల్లు లేదు.

ముందుగా వస్తుస్థితి. 2020లో కోవిడ్ వ్యాధివలన తరగతిగదులు మూతపడినపుడు దూరమునుండి బోధించుట అనివార్యమయ్యెను. వ్యాధి తగ్గినను పద్ధతి నిలిచినది. దానికి పునాది అంతకు ముందే పడియుండెను. భారతప్రభుత్వము 2017లో ‘స్వయం’ వేదికను ప్రారంభించెను. ఎన్‌పీటెల్ పాఠ్యక్రమములు 4, 8, 12 వారముల పరిమితులతో నడచుచున్నవి. వానిలో పాణినీయ వ్యాకరణమునకు సంబంధించినవియు కలవు. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఒక సెమిస్టరు క్రెడిట్లలో 40 శాతము వరకు స్వయం ద్వారా పొందుటకు వీలు కల్పించెను. ఇంగ్లండులో 1997లో నెలకొన్న ఆక్స్‌ఫర్డ్ హిందూ అధ్యయన కేంద్రము కొద్దివారములలో ముగియు పాఠ్యక్రమములను ఏ దేశమువారికైనను అందించుచున్నది. తెలుగువారి విషయమునకు వచ్చినచో, 2007లో అమెరికాలో మొదలైన మనబడి ప్రవాసుల పిల్లలకు తెలుగు నేర్పుచుండగా, 2016లో కాలిఫోర్నియాలో ఏర్పడిన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయము తెలుగు, సంస్కృతము, కర్ణాటకసంగీతము, కూచిపూడి నాట్యములను ఆన్‌లైన్‌లో బోధించుచున్నది. తిరుపతిలోని రాష్ట్రియ సంస్కృత విద్యాపీఠము 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయ మయ్యెను. కనుక ఈ పద్ధతి ఉండవలెనా వలదా యను ప్రశ్నకు కాలము మించినది. ఎట్లుండవలెనన్నదే నేటి విచారణీయాంశము.

ఈ విచారమును ఒక ప్రదేశమునకు అన్వయించి చూచినచో విషయము స్పష్టమగును. పశ్చిమ కర్నూలు జిల్లాలో, ఆదోని ఎమ్మిగనూరుల ప్రాంతమున, మంత్రాలయ మండలములో మాధవరము కలదు. తుంగభద్రకు ఆవల కర్ణాటకము. ఈ సీమలో తెలుగు కన్నడములు రెండును ఇంటిభాషలే. సమీపముననే, పూర్వము మంచాల యని పేరుగల మంత్రాలయమున, 1671లో శ్రీ రాఘవేంద్రతీర్థులు బృందావనప్రవేశము చేసిరి. ఆదోని పాలకుడైన సిద్ది మసూద్‌ఖాన్ ఆ గ్రామమును స్వామివారికి సమర్పించెనని ప్రతీతి. అచ్చటనే శ్రీ గురుసార్వభౌమ సంస్కృత విద్యాపీఠమున గురుకుల పద్ధతిని విద్యాభ్యాసము సాగుచున్నది. ఈ క్షేత్రమును సేవించు ఆంధ్ర, కర్ణాటక, తమిళ కుటుంబములవారు అనేకులు నేడు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో స్థిరపడియున్నారు. వారి పిల్లలు ఇంట వినిన స్తోత్రమునకు అర్థము తెలియగోరుచున్నారు. అట్టివారికి ఇట్టి క్షేత్రము నుండియే పాఠము చెప్పువారుండిన నేమి లోపము? చెప్పినచో ఎంతవరకు చెప్పవచ్చును? ఈ రెండు ప్రశ్నలలోనే సమస్త విచారమును ఇమిడియున్నది.

మొదటి పూర్వపక్షము ఇట్లున్నది: శాస్త్రము పన్నెండేండ్ల పరిశ్రమతో సాధింపదగినది, దానిని ఎనిమిది వారములకు కుదించుట శాస్త్రమును అవమానించుట. ఈ వాదమున గౌరవము కలదు గాని సంప్రదాయజ్ఞానము చాలదు. సంక్షేపము మనకు కొత్త కాదు. ఒక్కొక్క పదమును చదివి శబ్దరాశిని ముగింపదలచినచో, బృహస్పతి ఇంద్రునకు వేయి దివ్యవర్షములు చెప్పియు అంతము గానలేదని మహాభాష్యము పస్పశాహ్నికమున తెలుపుచున్నది. అందువలననే సామాన్యవిశేష లక్షణములతో కూడిన సూత్రమార్గ మేర్పడినది. సుమారు 4000 సూత్రములలో భాషనంతటిని ఇమిడ్చిన పాణిని లాఘవమునకు పరమాచార్యుడు. భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముది బాలురకు భారమగునని ఆయన శిష్యుడైన వరదరాజు మధ్యకౌముదిని, లఘుకౌముదిని, అంతకంటె చిన్నదైన సారసిద్ధాంతకౌముదిని రచించెను. బాలురకు సుఖబోధమగుటకే తర్కసంగ్రహమును రచించుచున్నట్లు అన్నంభట్టు ఆరంభమునందే ప్రతిజ్ఞ చేసెను. కావున సంక్షేపము దోషము కాదు. వరదరాజు లఘుకౌముదిని చదివినవానిని వైయాకరణుడని చెప్పలేదు. అది పాణినీయమున ప్రవేశించుటకని చెప్పెను. దోషము పుట్టుచోటు అదియే. చిన్నగ్రంథమును చిన్నదని చెప్పి ఇచ్చుట ఉపకారము; దానినే పెద్దదని చెప్పి ఇచ్చుట వంచన.

రెండవ పూర్వపక్షము దీనికి విపరీతము: పాఠములు ముద్రితములై ఎప్పుడు కావలసిన అప్పుడు లభించుచుండగా, పాఠశాల యేల, పండితుడేల? ఒక్కసారి చెప్పించి భద్రపరచిన చాలదా? దీనికి సమాధానమును పతంజలియే ఇచ్చియున్నాడు. విద్య నాలుగు దశలలో ఉపయుక్తమగునని ఆయన మతము: గురువునొద్ద గ్రహించు ఆగమకాలము, తాను చింతించు స్వాధ్యాయకాలము, ఇతరులకు చెప్పు ప్రవచనకాలము, కర్మయందు వినియోగించు వ్యవహారకాలము. ముద్రిత పాఠము ఆగమకాలములో సగమును మాత్రమే తీర్చును. గురువు చెప్పినది శిష్యుడు వినుట ఒక సగము. శిష్యుడు చెప్పినది గురువు వినుట రెండవ సగము. ఈ రెండవ సగము లేనిది పాఠము కాదు, ఉపన్యాసము. వ్రాతను చూచి చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చుటకును కారణమిదియే. తప్పు పలికినపుడు ఆపువారు లేనిచో తప్పే అభ్యాసమై పోవును. తరువాత దానిని మాన్పుట మొదట నేర్పుటకంటె కష్టము. ఎమ్మిగనూరు మగ్గముల సంగతి యెరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పడుగు పేకలను గూర్చి ఎంత వినినను, తెగిన పోగును అతికించు చేతిని ఒకరు ప్రక్కన నిలిచి చూడనిదే నేత రాదు.

ఇచ్చట ఒక చిన్న లెక్క చూడదగును. వారమునకు రెండుగంటల చొప్పున ఎనిమిది వారముల పాఠ్యక్రమమునకు 16 గంటలు, అనగా 960 నిమిషములు. చేరినవారు 200 మందియైనచో, గురువు తాను ఒక్కమాటయు చెప్పక కాలమంతయు వినుటకే వినియోగించినను, ఒక్కొక్కని వంతునకు అయిదు నిమిషములును రావు. చేరినవారు ఎనిమిదిమందియై, సగము కాలము వినుటకు కేటాయించినచో, ఒక్కొక్కనికి పూర్తిగా ఒక గంట దక్కును. పేరు ఒకటే, కాలము ఒకటే, ధ్రువపత్రము ఒకటే. జరుగు పనికి మాత్రము పోలిక లేదు. ప్రకటనపత్రములలో వారముల సంఖ్యను పెద్దక్షరములతో వేయుదురు. ప్రతి విద్యార్థి చెప్పినదానిని గురువు వినుటకు కేటాయించిన నిమిషములను వేసినవారు అరుదు. ముందుగా వేయవలసినది అదియే.

వేదపాఠమునకు మరియొక అవరోధము కలదు. సంత చెప్పునపుడు గురువు ఒక్కసారి చెప్పగా శిష్యులందరు కలిసి రెండుసార్లు పలుకుదురు. ఆన్‌లైన్‌లో ధ్వని ఒక్కొక్కచోటికి ఒక్కొక్క ఆలస్యముతో చేరుటవలన కలిసి పలుకుట సాధ్యము కాదు, ఒక్కొక్కరుగా చెప్పింపవలసినదే. యునెస్కో 2003లో ప్రకటించి 2008లో మానవజాతి అమూర్తవారసత్వ పట్టికలో చేర్చిన వైదికపఠన సంప్రదాయము ఈ కంఠము నుండి కంఠమునకు సాగు క్రమము మీదనే నిలిచియున్నది. కావున స్వరయుక్త వేదపాఠమును స్వల్పకాల పాఠ్యక్రమములలో చేర్పకుండుటయే శ్రేయస్కరము. శబ్దరూపములు, అమరకోశము, స్తోత్రార్థము, తర్కసంగ్రహము, లఘుకావ్యము వంటివి నిరభ్యంతరముగా చేర్చవచ్చును. కాలభేదము కొంతవరకు అనుకూలమే. మంత్రాలయమున ఉదయము ఆరున్నరగంటలకు పాఠము మొదలైనచో, కాలిఫోర్నియాలో అంతకు ముందుదినపు సాయంకాలము ఐదు లేక ఆరుగంటలు. పాఠశాల మేల్కొను వేళయే అచ్చటి విద్యార్థికి తీరిక వేళ.

ఇక అధికారివిచారము. ఉదాహరణకు, శ్రీ రాఘవేంద్రతీర్థులను పరిమళాచార్యులని కీర్తించుటకు కారణమైన న్యాయసుధాపరిమళమును తీసికొందము. అది జయతీర్థుల న్యాయసుధకు వ్యాఖ్య. న్యాయసుధ మధ్వాచార్యుల అనువ్యాఖ్యానమునకు వ్యాఖ్య. అనువ్యాఖ్యానము బ్రహ్మసూత్రములపై వెలసినది. వ్యాకరణ, తర్క, మీమాంసలలో పరిచయము లేనివానికి పరిమళమున ఒక్క పుటయు తెరచుకొనదు. అట్టి గ్రంథము పేరుతో ఆరు వారముల పాఠ్యక్రమమును ప్రకటించి, ‘పూర్వపరిచయ మక్కరలేదు’ అని వ్రాసినచో, ఆ వాక్యము విద్యార్థిని ఆహ్వానించుట కాదు, అవమానించుట. అతడు కొంత చరిత్రను, కొన్ని మహిమలను విని గ్రంథము చదివితినని భ్రమపడును. అదే గురువు, అదే ఆరు వారములలో, ఒక చిన్న స్తోత్రమునకు పదచ్ఛేదము, అన్వయము, విభక్తులు నేర్పినచో, అతడు నేర్చినది స్వల్పమైనను స్వంతమగును. దేశము వేరగుట అధికారమునకు హాని కాదు. పూర్వపాఠము లేకుండుటయే హాని. విదేశీయుడను కారణమున పాఠము నీరు చేయుట కూడ ఒకవిధమైన నిరాకరణమే.

ప్రయోజనవిషయమున సత్యము చెప్పుట మరింత అవసరము. ధ్రువపత్రముపై ‘సంస్కృతమున ప్రావీణ్యము’ అని అచ్చువేయుట సులభము. భాషాప్రవీణ, విద్యాప్రవీణ పట్టములకై ఏండ్లతరబడి శ్రమించిన ఉపాధ్యాయులకు ఆ పదము వెల తెలియును. ‘ఈ విద్యార్థి రామశబ్దము మొదలు ఇన్ని శబ్దములను, ఇన్ని ధాతువుల లట్టు లఙ్ రూపములను వల్లెవేసి గురువునకు అప్పగించెను’ అని వ్రాసిన పత్రము చూచుటకు ఆడంబరముగా నుండదు. కాని దానిని చూచినవానికి తరువాత ఏమి చెప్పవలెనో తెలియును. చిత్తూరులోని సంస్కృత భాషాప్రచారిణీ సభ వంటి సంస్థలు క్రమసోపానమైన చిన్నచిన్న పరీక్షలతో సామాన్యుల యింట సంస్కృతమును ప్రవేశపెట్టినవి. అవి చిన్నవని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. ఒక్కొక్క మెట్టు మీదిమెట్టును చూపెను.

ఇదియే సంబంధవిచారము, నేటి పాఠ్యక్రమములలో మిక్కిలి బలహీనమైనదియు ఇదియే. అరుంధతిని చూపదలచినవాడు మొదట దానిచెంత నున్న పెద్దనక్షత్రమును చూపును. దానిని చూపి ఇంటికి పోయినచో చూచినవాడు దానినే అరుంధతి యని నమ్మును. ఎనిమిది వారములైన పిమ్మట విద్యార్థి పోవలసిన చోటు ఏది? అతనికి రెండవ పాఠ్యక్రమ ముండవలెను. దాని పిదప సెలవులలో వచ్చి రెండువారములు పాఠశాలలో గడపుటకు వసతి యుండవలెను. అట్లు వచ్చినవాడు తెల్లవారుజామున వల్లెవేయు పిల్లలను వినును, ప్రతిపదష్టములలో అనధ్యయన మేల పాటింతురో తెలిసికొనును, తాను చూచినది ద్వారమే యని గ్రహించును.

ఈ ద్వారమునకు ఇటువైపున నున్నవారి క్షేమమును కూడ చూడవలెను. ప్రాచ్యకళాశాలలలో ఎయిడెడ్ ఉద్యోగములు ఖాళీయైన చోట్ల భర్తీ కాక శాఖలు సన్నగిల్లుచున్నవి. వ్యాకరణమునకు అధ్యాపకుడు లేనిచోట సాహిత్యాధ్యాపకుడే కౌముది చెప్పవలసిన స్థితి వచ్చుచున్నది. గ్రామములు సమర్పించి విద్యను పోషించిన కాలము తిరిగి రాదు. విదేశవిద్యార్థి చెల్లించు రుసుము నేటి అగ్రహారము కాగలదు. కాని ఆ రుసుము వేదికలకు, ప్రకటనలకు పోయి, పాఠము చెప్పిన పండితునకు గంటకూలి మాత్రమే దక్కినచో, కాలక్రమమున చెప్పువాడే మిగులడు. రుసుములో నియతభాగము స్థానిక విద్యార్థుల భోజనవసతులకును, యువపండితుల జీతమునకును ముందుగానే కేటాయింపబడవలెను. సిడ్నీలోని బాలునకు తర్కసంగ్రహము చెప్పు పీఠము, మాధవరమునుండి నడచివచ్చు బాలునకు అదే పాఠమును అదే గురువుచేత ఉచితముగా చెప్పింపలేకపోయినచో, ఆ పీఠము విద్యను ఎగుమతి చేయుచున్నదనవచ్చును గాని విద్యాదానము చేయుచున్నదనరాదు.

కావున సిద్ధాంత మిది. స్వల్పకాల పాఠ్యక్రమములను ప్రాచ్యకళాశాలలు చేపట్టవలెను. చేపట్టనిచో శాస్త్రపరిచయము లేనివారు ఆ స్థానమును ఆక్రమింతురు. చేపట్టునపుడు ఒక తరగతికి పదిమందికి మించరాదు. పాఠకాలములో సగము శిష్యుడు చెప్పగా గురువు వినుటకే యుండవలెను. ఒక పాఠ్యక్రమమునకు ఒక చిన్నగ్రంథమే నియమింపవలెను. తెలుగు చదువగల ప్రవాసబాలురకు తెలుగుననే బోధింపవలెను. వారికి ఆంగ్లమున చెప్పిన సంస్కృతముకంటె తెలుగున చెప్పిన సంస్కృతము దగ్గర, ఒక్క పాఠమున రెండుభాషలును బలపడును. ధ్రువపత్రము నేర్చినదానిని మాత్రమే చెప్పవలెను. తరువాతి మెట్టు ఎక్కడనున్నదో తొలిదినముననే తెలుపవలెను.

వీనిలో ధనముతో సాధింపవలసినవి తక్కువ, నియమముతో సాధింపవలసినవి ఎక్కువ. అధ్యయనసంఘములలో కూర్చుండు అధ్యాపకులు రాబోవు పాఠ్యప్రణాళికలను ఆమోదించుటకు ముందు, అధికారి, విషయము, ప్రయోజనము, సంబంధము అను నాలుగు శీర్షికల క్రింద నాలుగు వాక్యములను వ్రాయించి చూతురు గాక. నాలుగవ వాక్యమును వ్రాయలేని పాఠ్యక్రమమును త్రిప్పి పంపుటలో తప్పులేదు.