అవయవదానం: రిజిస్టర్‌లో పేరుంటే సరిపోదు, ఇంట్లో మాట ఉండాలి

‘అవయవదానానికి పేరు నమోదు చేసుకున్నాను’ అని భోజనాల దగ్గర చెప్పగానే నా భార్య వడ్డించడం ఆపి నావైపు చూసింది. ఆదివారం వీడియో కాల్‌లో సంగతి తెనాలిలో ఉన్న అమ్మ దాకా వెళ్లింది. ‘శుభమా అని ఉండక ఈ చావు కబుర్లేమిట్రా’ అని కోప్పడింది. పదిహేనేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నా, ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. దానికోసం వెతుకుతూ తెలుసుకున్న విషయాలే ఇవి.

2024లో ఆస్ట్రేలియాలో 527 మంది మరణానంతరం అవయవాలు దానం చేశారు. వాటితో 1,328 మందికి మార్పిడి జరిగింది. ఇంకా సుమారు 1,800 మంది ఎదురుచూపుల జాబితాలో ఉన్నారు. దాతలు ఇంత తక్కువగా ఉండటానికి మనసు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆసుపత్రిలో చనిపోయేవారిలో దాదాపు 2 శాతం మందికే అవయవదానానికి వీలుంటుంది. చివరిదాకా అవయవాలకు రక్తం, ప్రాణవాయువు అందుతూ ఉండాలి కాబట్టి, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవారికే ఆ అవకాశం. కంటి కార్నియా వంటి కణజాలాల సంగతి వేరు. మరణించాక 24 గంటల లోపు కూడా వాటిని ఇవ్వవచ్చు.

మరణాన్ని ఇక్కడ రెండు రకాలుగా నిర్ధారిస్తారు. మొదటిది మెదడు మరణం. ఇద్దరు వైద్యులు విడివిడిగా పరీక్షిస్తారు. కంటిపాప వెలుతురుకు స్పందిస్తుందా, గొంతులో కదలిక ఉందా, వెంటిలేటర్ సాయం ఆపితే సొంతంగా ఊపిరి తీసుకునే ప్రయత్నం ఉందా అని చూస్తారు. రెండోది రక్త ప్రసరణ ఆగడం వల్ల మరణం. కోలుకునే ఆశ లేదని తేలి, కుటుంబం ఒప్పుకున్నాక చికిత్స ఆపుతారు. గుండె ఆగాక 5 నిమిషాలు వేచి చూసి, అప్పుడు మరణాన్ని ధ్రువీకరిస్తారు.

మన పత్రికలు మెదడు మరణం పొందినవారిని ‘జీవన్మృతుడు’ అని రాస్తుంటాయి. ఆ మాట వింటే ఇంకా కొంత ప్రాణం ఉందనిపిస్తుంది. పైగా ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఛాతీ కదులుతూ ఉంటుంది. కానీ వైద్యం ప్రకారం అది మరణమే. తిరిగి రావడం ఉండదు. కోమాతో దీన్ని కలపకూడదు.

‘దానానికి ఒప్పుకుంటే సరిగ్గా వైద్యం చేయరేమో’ అన్నది మనవాళ్లలో తరచూ వినిపించే భయం. మరణాన్ని నిర్ధారించే వైద్యులకూ, అవయవ మార్పిడి చేసే బృందానికీ సంబంధం ఉండదు. ఎవరికి ఇవ్వాలో రక్తం గ్రూపు, కణజాల పొంతన, అవసరం చూసి నిర్ణయిస్తారు. డబ్బు, పలుకుబడి పనిచేయవు. శస్త్రచికిత్స తర్వాత కుట్లు వేసి, శరీరాన్ని గౌరవంగా అప్పగిస్తారు. చివరి చూపు, దహన సంస్కారాలు మామూలుగానే జరుపుకోవచ్చు. కాకపోతే ఈ ప్రక్రియకు కొంత సమయం పడుతుంది కాబట్టి అంత్యక్రియలు కాస్త ఆలస్యం కావచ్చు.

అసలు చిక్కు ఇంటివాళ్ల దగ్గరే వస్తుంది. రిజిస్టర్‌లో పేరున్నా ఇక్కడ కుటుంబాన్ని తప్పకుండా అడుగుతారు. నమోదు చేసుకున్నవారి విషయంలో పది కుటుంబాల్లో ఎనిమిది ‘సరే’ అంటున్నాయి. పేరు లేకపోతే ఆ సంఖ్య నాలుగుకు పడిపోతోంది. అంటే చాలామంది దానాన్ని వ్యతిరేకించి కాదు, పోయినవారి మనసు తెలియక ‘వద్దు’ అంటున్నారు.

చట్టం ప్రకారం ముందు అడిగేది జీవిత భాగస్వామిని. తర్వాత వయసొచ్చిన పిల్లలు, ఆ తర్వాత తల్లిదండ్రులు, తోబుట్టువులు. మన ఇళ్లలో మాత్రం అర్ధరాత్రి గుంటూరుకో కరీంనగర్‌కో ఫోన్ చేసి, మామగారినీ బావగారినీ అడగనిదే ఏ భార్యా సంతకం పెట్టలేదు. పెళ్లికాని విద్యార్థి అయితే నిర్ణయం నేరుగా అమ్మానాన్నలదే. వేల మైళ్ల దూరంలో, బిడ్డ ముఖం కూడా చూడకుండా, తెలియని భాషలో చెప్పే మాట విని వాళ్లు నిర్ణయించుకోవాలి. ఇంతకంటే కష్టమైన ఫోన్ కాల్ ఉండదు.

అక్కడివాళ్లకు ఈ సంగతి పూర్తిగా కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన ‘జీవన్‌దాన్’ గురించి చాలామంది విన్నారు. భారత చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి మెదడు మరణాన్ని ధ్రువీకరిస్తుంది. పద్ధతుల్లో తేడా ఉన్నా, అక్కడా ఇక్కడా చివరి మాట కుటుంబానిదే.

అందుకే పదహారేళ్లు నిండినవారు డొనేట్‌లైఫ్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవడం సగం పని మాత్రమే. డ్రైవింగ్ లైసెన్సులో ఎప్పుడో టిక్ పెట్టాం కదా అనుకోకండి. లైసెన్సుతో నమోదును కొనసాగించింది సౌత్ ఆస్ట్రేలియానే. మిగతా సగం పని ఇంట్లో చెప్పడం. ‘వద్దు’ అనుకున్నా చెప్పండి. అదీ కుటుంబానికి భారం తగ్గించేదే.

రెండు వారాల తర్వాత అమ్మకు ఇవన్నీ మెల్లగా వివరించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘మీ తాతయ్య పోయినప్పుడు కళ్లు ఇచ్చాం కదరా. ఆయన ముందే చెప్పి పోయాడు కాబట్టి ఇవ్వగలిగాం’ అంది. నేను వెతుకుతున్న జవాబు మా ఇంట్లోనే ఉంది.