పగలు సభ, రాత్రి కర్ఫ్యూ

కరోనాకు రాత్రి పదింటికి గానీ మెలకువ రాదని మా బీదరు జిల్లాలో 2021 ఏప్రిల్‌లో తెలిసింది. పదో తేదీనుంచి బీదరులో రాత్రి కర్ఫ్యూ. బసవకల్యాణలో పట్టపగలు ఉపఎన్నిక సభలు, అన్ని పార్టీలవీ. ఆ సీటు ఖాళీ అయిందే ఎమ్మెల్యే నారాయణరావుగారు 2020 సెప్టెంబరులో కరోనాతో పోయినందుకు! ఉపఎన్నికల ప్రచారంలో తిరిగిన ముఖ్యమంత్రి యడియూరప్పగారికి 16న పాజిటివ్. 17న పోలింగు. 27 రాత్రినుంచి రాష్ట్రమంతా మూత.

ఆరు నెలల్లో ఎన్నిక జరపాలన్నది చట్టమంటారు. బ్యాంకువాణ్ణి, గడువు లెక్క నాకు తెలుసు: అది మార్చిలోనే దాటింది. వీలుకాకపోతే వాయిదాకూ అదే చట్టంలో దారుంది. దాటినదాన్ని ఇంకో రెండు నెలలు ఆపలేరా?

ఆ రోజుల్లో పింఛనుకొచ్చిన కుశనూరు అవ్వను, సున్నపు గీత దాటిందని నేనే కసిరాను.