సిక్స్ ప్యాక్ కోసం మాత్రమే కాదు

మన హాస్టల్ జిమ్‌లో చేతులకి, ఛాతీకి ఉన్న గిరాకీ పొట్ట కండరాలకి లేదు. టైమ్ మిగిలితే చివర్లో నాలుగు క్రంచెస్, అదీ సిక్స్ ప్యాక్ ఫొటో కోసం. నన్నడిగితే ఇది తలకిందుల లెక్క.

బరువు ఎత్తేటప్పుడు బలం కాళ్లలో పుడుతుంది. అది చేతుల దాకా చేరాలంటే మధ్యలో నడుము గట్టిగా నిలబడాలి. ఊపిరి పీల్చి పొట్ట చుట్టూ కండరాల్ని బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి వెన్నెముకకి దన్ను దొరుకుతుంది. ఆ బిగువు లేకపోతే నడుము వంగి, భారం వెన్ను మీద పడుతుంది. బెల్ట్ పెట్టుకున్నా, దాన్ని లోపల్నుంచి నెట్టాల్సింది మన పొట్టే. ధాన్యం బస్తా ఎత్తే ముందు ముఠా కార్మికులు ఊపిరి బిగబట్టడం చూడండి, అర్థమైపోతుంది.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన సిక్కోలు కరణం మల్లీశ్వరి గారు క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. అంత బరువు తలపైన ఉన్నప్పుడు నడుము సడలితే చేతులు ఎంత బలంగా ఉన్నా ఆగదు.

బరువులే కాదు, ఆటలూ అంతే. మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టాడు. స్మాష్‌లో కాళ్లు, నడుము తిరిగిన ఊపే భుజం మీదుగా రాకెట్‌కి చేరుతుంది.

రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూలబడే మన సీఎస్‌ఈ బ్యాచ్‌కి ఇది ఇంకా అవసరం. డెడ్‌లిఫ్ట్‌కి ఇంకో ప్లేటు ఎక్కించే ముందు, నడుము జారకుండా ఒక్క నిమిషం ప్లాంక్‌లో ఉండగలమా? ముందు అది చూసుకుందాం.