మాకు మామయ్యలు లేరు

విదేశం వెళ్లేవాళ్లకు సలహాలు చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. కుక్కరు పట్టుకెళ్లు, ఆవకాయ పట్టుకెళ్లు, చలికోటు అక్కడే కొనుక్కో అంటారు. రెండు వారాలు సర్దుకుంటే చాలు, తర్వాత అంతా అలవాటైపోద్ది అంటారు. ఆ రెండు వారాల గురించే నేను మాట్లాడతా. ఎవరి వెనక ఎన్ని తరాల చదువుందో ఆ రెండు వారాల్లోనే తేలిపోద్ది.

నేను మాదిగపల్లెలో పుట్టినవాణ్ణి. మా నాయన చెప్పులు కుట్టాడు. మా అమ్మ మిరపకాయ కోతలకు పోయింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, మొదటి సర్కారు జీతం నాది. రెండో డిగ్రీ మా చెల్లెలిది. మాస్టర్స్ చదవడానికి జర్మనీలోని బాన్ నగరానికి పోయింది. ల్యాబులో పని మొదలయ్యేలోపు పదిహేను రోజులు చేతిలో ఉన్నాయి.

వీసాకే ఏడాది ఖర్చు 11,904 యూరోలు ఖాతాలో వేసి చూపించాలి. మన డబ్బుల్లో పదకొండు లక్షల పైమాటే. నేను చీటీ పాడాను, జీతం మీద లోను తీశాను. అమ్మ చెవులవి కుదవ పెట్టింది. అంతా చేసినా ఆ డబ్బు ఒక్కసారే చేతికి రాదు, నెలకు 992 చొప్పున వదులుతారు. గదిలో దిగిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. గది లేకపోతే కాగితం లేదు, కాగితం లేకపోతే నమోదు లేదు. గదికి అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగొచ్చని అక్కడి చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. కొత్తగా దిగిన పిల్లకు ఆ సంగతి చెప్పేదెవరు?

పెద్దకులాల పిల్లలకు చెప్పేవాళ్లుంటారు. మామయ్య పక్క ఊళ్లోనే ఉంటాడు. పెదనాన్న కొడుకు విమానాశ్రయానికి కారేసుకొస్తాడు. దీన్ని మీరు పరిచయాలంటారు. మేం రిజర్వేషనంటాం. ఏ జీవోలోనూ లేని రిజర్వేషన్, ఏ కోర్టూ కొట్టెయ్యని రిజర్వేషన్.

ఓ తెలుగమ్మాయిల గదిలో చోటుందంటే మా చెల్లెలు ఫోన్ చేసింది. తియ్యగా మాట్లాడారు. ముందు ఊరడిగారు, తర్వాత ఇంటిపేరడిగారు, ఆ తర్వాత ఏమేం తింటావని అడిగారు. మర్నాటికి చోటు లేదన్నారు. చివరికి గదిచ్చింది ఒక జర్మన్ ముసలామె. పాస్‌పోర్టు, యూనివర్సిటీ కాగితం చూసింది, అద్దె తీసుకుంది. అంతే. అక్కడివాళ్లంతా దేవుళ్లని నేననడం లేదు. రంగు చూసి తలుపేసేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ మా చెల్లెలి కులం కూపీ లాగింది తెల్లవాళ్లు కాదు, మనవాళ్లే.

పన్నెండు రోజులు గది కోసం తిరిగిన పిల్లా, మామయ్య ఇంట్లో కడుపు నిండా తిని పరిశోధనా పత్రాలు చదువుకున్న పిల్లా ఒకే సోమవారం ల్యాబులో అడుగుపెడతారు. ఎవరు చురుగ్గా ఉన్నారో ప్రొఫెసర్ మొదటివారమే చూస్తాడు. ఆ తేడాకే మీరు మెరిట్ అని పేరు పెట్టారు.

ఇదేమన్నా కొత్త కథా? 1913లో బాబాసాహెబ్ న్యూయార్కు పోయి కొలంబియాలో చదివాడు. అంత చదువూ చదివి 1917లో బరోడా కొలువుకొస్తే తలదాచుకోను ఇల్లు దొరకలేదు. పార్సీ పేరుతో సత్రంలో దిగితే పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. 1921లో ఇదే బాన్ విశ్వవిద్యాలయం ఆయన పేరు విద్యార్థుల పట్టీలో రాసుకుంది. ఇప్పుడు చెప్పండి, పరాయి ఊరేది? బాన్‌నా, బరోడానా?

ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తంది కదా అంటారు. కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏడాదికి 125. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తరాలిచ్చి, మిగతావాళ్లకు నిధులుంటే ఇస్తామన్నారు. నిధులుంటే! అందాకా ల్యాబు ఆగుద్దా? ఇంటి యజమాని ఆగుతాడా?

మాకు సలహాలొద్దు. మా పిల్లలు విమానం ఎక్కకముందే డబ్బు చేతికి రావాలి. గది అడ్వాన్సుకీ మొదటి నెల ఖర్చుకీ వేరుగా ఇవ్వాలి. అది దయ కాదు, బాకీ. మనవాళ్లకూ ఒక మాట. ముందు పోయినవాళ్లు వెనకొచ్చేవాళ్లకు రెండు వారాలు చోటివ్వండి. ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలుగులో రాసి పంపండి. మన పిల్లలు కూడా కడుపు నిండా తిని, కంటినిండా నిద్రపోయి ల్యాబులోకి పోయే రోజు రానివ్వండి. మెరిట్ గురించి అప్పుడు మాట్లాడదాం, రండి.