తీసుకుంటే మనకే జరిమానా, తిరిగి కట్టినా మనకే

 

ఎడ్లపాడు చుట్టుపక్కల సుగాలి, ఎరుకల, యానాది ఇళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం మేము. పోస్టు కొంచెం పొడుగే, చివరిదాకా చదవండి. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఇంటికొచ్చే ప్రతి కాగితం చదివి చెప్పే పనీ మాదే అయింది.

మొన్న సెలవులకి వెళ్తే మాలో ఒకరి నాన్న లాయరు నోటీసు తీసి చూపించాడు. మిరప చేను కౌలుకి 60 వేలు నగదు అప్పు తెచ్చాడు. రెండు పంటల్లో కట్టేశాడు, అదీ నగదే. రసీదు లేదు. ప్రోనోటు అడిగితే "ఎక్కడో పెట్టాను, వెతికి ఇస్తాలే" అన్నారంట. మూడేళ్ళు నిండితే ప్రోనోటు చెల్లదు కదా, సరిగ్గా దానికి నెల ముందు నోటీసు దిగింది, వడ్డీతో సహా కట్టమని.

చట్టం ఏమంటుందా అని వెతికాం. 1961 ఆదాయపు పన్ను చట్టం 269ఎస్ఎస్ ప్రకారం 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా. ఎవరికి? ఇచ్చినాయనకి కాదు, తీసుకున్నోడికి. 269టి ప్రకారం అంత అప్పు నగదుగా తిరిగి కట్టకూడదు. జరిమానా మళ్ళీ కట్టినోడికే. 2017 ఏప్రిల్ నుంచి 269ఎస్‌టి వచ్చింది. ఒకరి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదు. ఇక్కడా పుచ్చుకున్నోడికే. 2025 కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి గానీ హద్దులు అవే.

మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమై, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే అప్పు తీసుకున్నందుకు జరిమానా లేదు. మరి మనకి అప్పిచ్చేది ఎవరు? కమీషన్ వ్యాపారి, ఎరువుల కొట్టు ఓనరు. సరైన కారణం చూపిస్తే జరిమానా తప్పొచ్చు, నిజమే. ఆ కారణం ఆఫీసుకెళ్ళి చెప్పుకునే ధైర్యం మన నాన్నలకి ఎక్కడిది?

పోనీ, చట్టం తప్పి ఇచ్చిన అప్పు చెల్లదా? చెల్లుతుంది. 20 వేలు దాటి నగదుగా ఇచ్చినంత మాత్రాన అప్పు రద్దు కాదని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే ఇచ్చినాయన బాకీ భద్రం, జరిమానా భయం మనకి.

1984లో 269ఎస్ఎస్ తెచ్చింది ఎందుకు? సోదాల్లో డబ్బు దొరికితే "చుట్టాల దగ్గర అప్పు తెచ్చా" అని తప్పించుకునే పెద్దోళ్ళని పట్టడానికి. అందుకే జరిమానా తీసుకున్నోడి మీద పెట్టారు. పెద్దోడి కోసం తవ్విన గోతిలో మన కౌలు రైతు పడుతున్నాడు.

నగదు మీద హద్దు వద్దని మేము అనట్లేదు. హద్దు ఉండాలి. డబ్బు అకౌంట్లో నడిచి ఉంటే ఆ నోటీసుకి ఒక్క స్టేట్‌మెంటుతో జవాబు చెప్పేవాళ్ళం. మా గొడవల్లా ఒకటే: అప్పులివ్వడమే వ్యాపారంగా పెట్టుకున్నోడు నగదు ఇస్తే జరిమానా వాడికి పడాలి. కౌలు కార్డు ఉన్నోడికి బ్యాంకు అప్పివ్వాలి. ఇవి రెండూ చెయ్యకుండా "నగదు వాడకండి" అని పోస్టర్లు వేస్తే మనకేం లాభం?

అప్పటిదాకా మనం చేయగలిగింది చేద్దాం. అప్పు అకౌంట్లో వెయ్యమని అడగండి, అకౌంట్ నుంచే కట్టండి. ఖాళీ ప్రోనోటు మీద సంతకం, వేలిముద్ర వద్దు. ఇప్పటికే నోటు రాసి ఉంటే కట్టిన ప్రతిసారీ వెనక చెల్లు రాయించండి, బాకీ తీరాక నోటు చేతిలో పడేదాకా కదలొద్దు. నోటీసు వస్తే దాచిపెట్టొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. 15100కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం ఇంటికెళ్ళినోళ్ళు ఒక్క పని చేయండి. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఏ నోటు ఉందో ఒక కాగితం మీద రాయండి. మనం చదివిన చదువు ముందు మన ఇంటికి అక్కరకు రావాలి.