పొడికి పండు పేరెందుకు?

బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ, మన నేరేడు లాంటి పండ్ల నుంచి యాంటీఆక్సిడెంట్లను వేరుచేసి బిస్కెట్లలోనో పానీయాల్లోనో కలిపితే, ఆ తిండి ఒంటికి మేలు చేస్తుందని ఇప్పుడు దాదాపు అందరూ నమ్ముతున్నారు. సహజమైనది కాబట్టి హాని ఉండదని, ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా అనుకుంటున్నారు. నేను ఈ మాటను ఒప్పుకోను. పండు మంచిదే. అందులోంచి ఒక్క పదార్థాన్ని బయటికి లాగి మైదాలో కలిపితే, పండు మంచితనమంతా దాని వెంట నడిచి వస్తుందనడం మాత్రం అబద్ధం.

ఈ నమ్మకానికి పునాది పరీక్షనాళికలో పడింది. ఒంట్లో ఆక్సీకరణకు దారితీసే ఫ్రీ రాడికల్స్ వల్లే ముసలితనం వస్తుందని 1956లో డెన్‌హామ్ హార్మన్ ప్రతిపాదించాడు. వాటిని అడ్డుకునే పదార్థం తింటే చాలన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. ఏ పండు సారం పరీక్షనాళికలో ఎంత ఆక్సీకరణను ఆపుతుందో కొలిచి 'ఓరాక్' అంకెలు ఇచ్చారు. వ్యాపారులు వాటిని ప్యాకెట్ల మీదికి ఎక్కించారు. చివరికి అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓరాక్ పట్టికనే తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదని, కంపెనీలు వాటిని దుర్వినియోగం చేస్తున్నాయని కారణం చెప్పింది. పట్టిక పోయింది, ప్రచారం మిగిలింది.

ఒంట్లో జరిగేది వేరు. బెర్రీలకు ఊదా, ఎరుపు రంగులిచ్చే ఆంథోసయనిన్లలో చెక్కు చెదరకుండా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిగతాదాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు చిన్న ఆమ్లాలుగా విరగ్గొడతాయి. రక్తంలో సహజంగా ఉండే యూరిక్ ఆమ్లం కూడా యాంటీఆక్సిడెంటే. దాని పరిమాణం ముందు ఈ రంగు పదార్థాల లెక్క వెయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆపిల్ తిన్నాక రక్తానికి ఆక్సీకరణను ఆపే శక్తి ఎందుకు పెరుగుతుందో ఒరెగాన్ పరిశోధకులు 2004లో చూపారు. పండులోని ఫ్రక్టోజ్ యూరిక్ ఆమ్లాన్ని పెంచడమే ముఖ్య కారణమని తేలింది, ఆంథోసయనిన్ల కుటుంబానికి చెందిన పాలీఫినాల్స్ కాదు. పైగా ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి వాటినే వాడతాయి. వ్యాయామం చేసినప్పుడు కండరం వాటిని సంకేతంగా అందుకుని బలపడుతుంది. వ్యాయామంతో పాటు విటమిన్ సి, ఇ మాత్రలు మింగిన యువకుల్లో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదని 2009లో జర్మనీ పరిశోధన చెప్పింది. మాత్రలు వేసుకోని వాళ్లలో మెరుగుపడింది.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ప్రయోగాన్ని ఎవరూ మరిచిపోకూడదు. మరో యాంటీఆక్సిడెంటైన బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఆ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. అమెరికాలో బీటా కెరోటిన్‌కు విటమిన్ ఎ జోడించి చేసిన ఇలాంటి ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ పెరుగుదల 28 శాతం. బీటా కెరోటిన్ బెర్రీ సారం కాదు కదా అంటారు. నిజమే, కాదు. కానీ క్యారెట్లు, ఆకుకూరలు తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువన్న గమనింపుతోనే ఆ మాత్రలూ పుట్టాయి. పండు నుంచి పొడికి వేసిన గెంతు అక్కడా ఇక్కడా ఒకటే. పొడి మేలు చేస్తుందని నిరూపించాల్సిన బాధ్యత అమ్మేవాడిది.

ఇంతకీ ఆ పొడి ఎలా తయారవుతుంది? రసం తీశాక మిగిలిన తొక్కలు, గింజల పిప్పిని ఆల్కహాల్, నీళ్లు, కాస్త ఆమ్లం కలిపిన ద్రవంలో నానబెడతారు. వడకట్టి, రెజిన్ గుండా పంపి, చక్కెరల్ని తొలగిస్తారు. ద్రవాన్ని ఆవిరి చేసి, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కలిపి పొడి చేస్తారు. పీచు పోయింది, పండు తిన్న తృప్తీ పోయింది. ఆ పొడి వేడికి చెడుతుంది, వంటసోడా తగిలితే నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. బిస్కెట్టులో వేయడానికి ఇంతకంటే అనువుకాని పదార్థం ఉండదు. ధర ఎక్కువ కాబట్టి మోసమూ తోడైంది. బిల్‌బెర్రీ సారం పేరుతో అమ్మిన సరుకులో అమరాంత్ అనే కృత్రిమ రంగు కలిపిన సంగతి 2006లో బయటపడింది. రంగు గాఢతను మాత్రమే కొలిచే పరీక్ష ఆ కల్తీని పట్టలేకపోయింది.

ఈ పదార్థాలకు నిజంగా చేతనైన పని ఒకటుంది, తిండి పాడవకుండా ఆపడం. కొవ్వు గాలి తగిలి ముక్కవాసన రావడం గొలుసుకట్టు చర్య. యాంటీఆక్సిడెంటు తన హైడ్రోజన్‌ను ఇచ్చి ఆ గొలుసును తెంపుతుంది. నువ్వులనూనె తొందరగా పాడవకపోవడానికి అందులోని సెసమాల్ వంటి పదార్థాలే కారణం. ఆవకాయకు తరతరాలుగా ఆ నూనెను నమ్ముకున్న వాళ్లకు అది అనుభవంలో తెలుసు. యూరప్‌లో 2010 నుంచి రోజ్‌మేరీ సారాన్ని అనుమతించింది ఈ పనికే. బెర్రీల సారం కూడా మాంసంలోని కొవ్వు చెడకుండా కొంత ఆపగలదని ప్రయోగాలున్నాయి. పారేసే పిప్పి అక్కరకు వస్తుందంటే నాకూ సంతోషమే, రైతుకు నాలుగు డబ్బులు అదనంగా వస్తే మరీ సంతోషం.

కాబట్టి నేరేడు పిప్పి నుంచి రంగు తీయండి, పెరుగులో కలపండి. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో రంగు అనీ, దాని పక్కన ఆంథోసయనిన్ల కోడ్ 163 అనీ రాయండి. నూనె చెడకుండా వాడితే ఆ సంగతీ అక్కడే రాయండి. ముందువైపు గుండె బొమ్మ తీసేయండి. పండు బొమ్మ వేయాలనుకుంటే లోపల పండు వేయండి.