పాదం గురించి రాయండి, బరువు గురించి కాదు
2010 నవంబరులో న్యూయార్క్ సిటీ బ్యాలే ‘నట్‌క్రాకర్’లో షుగర్ ప్లమ్ ఫెయిరీగా నర్తించిన జెనిఫర్ రింగర్, షుగర్ ప్లమ్ మిఠాయి ఒకటి ఎక్కువే తిన్నట్టున్నారని న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు అలస్టెయిర్ మకాలే రాశారు. ఇప్పటికీ నాకు ఒళ్లు మండే వాక్యమది. తిండికి సంబంధించిన రుగ్మతతో కంపెనీకే దూరమై, కోలుకుని తిరిగొచ్చిన మనిషి ఆవిడ. జనం తప్పుపడితే, ఒంటి మీద మాట పడలేనివాళ్లు బ్యాలే జోలికి రాకూడదన్నట్టు ఆయన సమర్థించుకున్నారు. నాట్యానికి శరీరమే సాధనం, ఒప్పుకుంటాను. అయితే ఆ శరీరం ఏం చేసిందో చెప్పండి: గెంతి దిగినప్పుడు పాదం చప్పుడైందా, పాయింట్ షూ మొన మీద నిలిచినప్పుడు చీలమండ వణికిందా, చేతి కదలిక సంగీతంతో పాటే ముగిసిందా? నడుము చుట్టుకొలత వీటిలో దేనికీ జవాబు కాదు. పైగా ఆ మాట ఒక్కరితో ఆగదు. గోడ నిండా అద్దాల ముందు, ఒంటికి అతుక్కునే లియోటార్డ్‌లో గంటల తరబడి తమను తాము చూసుకునే పదమూడేళ్ల పిల్లలూ చదువుతారు. కొందరు తిండి తగ్గించేస్తారు. నెలసరి ఆగిపోతుంది, ఎముక గుల్లబారుతుంది, పాదంలో సన్నటి పగుళ్లొస్తాయి. 2003లో ఎత్తూ బరువూ ఎక్కువంటూ బొల్షోయ్ థియేటర్ తీసేసిన నర్తకి అనస్తాసియా వొలొచ్‌కోవా కోర్టుకెళ్లి గెలిచారు. చివరి వరుసలో ఆడే అమ్మాయికి ఆ స్తోమత ఎక్కడిది? మకాలే రాసినటువంటి వాక్యాన్ని అచ్చుకు పోకముందే ఎడిటరు కొట్టెయ్యాలి.